39 శాతం ఓట్లు, 11 సీట్లు: మార్చాల్సింది ఓట్ల లెక్కనా, సభ నడకనా?

లా చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "2024లో ఆంధ్రప్రదేశ్‌లో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి 175లో 11 సీట్లే వచ్చాయి. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతికి మారితే ఈ అన్యాయం పోతుందా? మా లెక్చరర్ మాత్రం అలా చేస్తే ఆరు నెలలకో ప్రభుత్వం పడిపోతుందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?"

అమ్మా, నేను రెవెన్యూ శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా అన్ని రకాల ఎన్నికల డ్యూటీలూ చేశాను. మీ బాధ న్యాయమైనదే. మీ లెక్చరర్ గారి భయం కూడా ఉత్తిది కాదు. అయితే ఇద్దరూ ఓట్ల లెక్క దగ్గరే ఆగిపోయారు. గెలిచినవాళ్లు సభలోకి వెళ్లాక జరిగేదాన్ని సరిచేయకుండా లెక్క ఒక్కటే మారిస్తే, మీరు ఓటేసి పంపిన మనిషి ఇప్పటికంటే ఎక్కువగా పార్టీ అధ్యక్షుడి గుప్పిట్లోకి పోతాడు. నా సమాధానమంతా దీని చుట్టూనే ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 49.95 శాతం ఓట్లు, 151 సీట్లు. తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 55 శాతం ఓట్లు, 164 సీట్లు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. గమనించారా? ఓడిన పార్టీకి రెండుసార్లూ దాదాపు అవే ఓట్లు. పార్టీ మారింది, దెబ్బ మారలేదు. అందుకే ఈ విషయాన్ని ఫలానా పార్టీకి జరిగిన అన్యాయంగా చూడొద్దని మొదటే చెబుతున్నాను. అలా చూస్తే మనవాళ్లు ఓడినప్పుడు దామాషా గుర్తొస్తుంది, గెలిచినప్పుడు మర్చిపోతాం. డెబ్బై ఏళ్లుగా అన్ని పార్టీలూ చేస్తున్నది అదే.

ఇది కొత్త రోగమేమీ కాదు. 1952 ఎన్నికల్లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులకు దాదాపు 22 శాతం ఓట్లొస్తే 140లో 41 సీట్లు వచ్చాయి. ఎదుటివాళ్లు నాలుగు ముక్కలై పోటీ చేశారు మరి. 1955లో ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలకు కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటయ్యాయి. కమ్యూనిస్టుల ఓటు 31 శాతానికి పెరిగింది. సీట్లు మాత్రం 196లో 15కు పడిపోయాయి. ఓట్లు పెరిగి సీట్లు మూడో వంతుకు తగ్గడమంటే ఏమిటో మన ముందుతరం కళ్లారా చూసింది. మన దగ్గర పొత్తులకు ఇంత విలువ ఎందుకొచ్చిందంటే కారణం ఇదే. పొత్తు కుదిరితే రెండు మూడు శాతం ఓట్లు పదుల సీట్లను తిప్పేస్తాయి. డబ్బు కూడా అక్కడికే చేరుతుంది. నియోజకవర్గంలో నాలుగైదు వేల ఓట్లు ఇటునుంచి అటు మళ్లితే గెలుపోటములు తారుమారయ్యే చోట, ఆ నాలుగైదు వేల ఓట్లకు ఎంతైనా పెట్టడానికి అభ్యర్థి సిద్ధపడతాడు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలని కాగితం మీద ఉంది. ఆ పరిమితి గురించి ఏ ఊళ్లోనైనా అడిగి చూడండి.

సీట్లు ఇలా కుంగిపోతే సభలో ఇంకో నష్టం కూడా ఉంది. మొత్తం సభ్యుల్లో పదో వంతు లేకపోతే ప్రతిపక్ష నేత హోదా ఇవ్వరనేది లోక్‌సభలో తొలి స్పీకర్ మావలంకర్ కాలం నుంచి వస్తున్న సంప్రదాయం. 2014లో కాంగ్రెస్‌కు 44 సీట్లు, 2019లో 52. కావాల్సింది 55. పదేళ్లపాటు దేశానికి గుర్తింపు పొందిన ప్రతిపక్ష నేత లేరు. 175 ఉన్న మన సభలో పదో వంతంటే 18.

ఇక దామాషా. ఈ మాట వినగానే చాలామంది అదేదో యూరప్ వ్యవహారం, మన జనానికి అర్థం కాదంటారు. రాజ్యాంగ సభలో 1949 జనవరిలో దీనిమీద చర్చ వచ్చినప్పుడు అంబేడ్కర్ గారు కూడా రెండు అభ్యంతరాలు చెప్పారు. ఒకటి, చదువురాని ఓటర్లు ఎక్కువున్న దేశంలో ఇది నడవదు. రెండు, సభ ముక్కలై ప్రభుత్వాలు నిలబడవు. ఆనాటికి ఆ రెండూ బలమైన కారణాలే. నాకు ఆయన మీద ఉన్న గౌరవంతోనే అంటున్నాను, మొదటి కారణం ఇప్పుడు చెల్లదు.

ఎందుకంటే దామాషాకు దగ్గరి చుట్టమైన ప్రాధాన్య ఓటును మనం ఇప్పటికే వాడుతున్నాం. రాజ్యసభ ఎన్నిక అలాగే జరుగుతుంది. పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ ఎన్నికా అంతే. ఉత్తరాంధ్ర పట్టభద్రుల స్థానం ఓట్ల లెక్కింపులో నేనొకసారి ఒక టేబుల్ బాధ్యత చూశాను. బూత్‌లో వయొలెట్ స్కెచ్ పెన్ ఇస్తారు. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా 1 వేయాలి, ఆ తర్వాత ఇష్టముంటే 2, 3 వేసుకోవచ్చు. నా టేబుల్ మీదికి వచ్చిన కాగితాల్లో కొందరు టిక్కు పెట్టారు, కొందరు ఇద్దరికీ 1 వేశారు, ఒకాయన చక్కటి దస్తూరీతో "ఒకటి" అని అక్షరాల్లో రాశాడు. ఇంకొకరు జేబులోని సొంత పెన్ను వాడారు. అవన్నీ చెల్లని ఓట్లే. డిగ్రీ ఉన్నవాళ్ల ఓట్లవి! ఆ రోజు నాకు అర్థమైంది ఏమిటంటే, ఓటు చెల్లకపోవడానికి చదువు లేకపోవడం కారణం కాదు. ఎలా వేయాలో ముందుగా ఎవరూ కూర్చోబెట్టి చూపించకపోవడం కారణం.

లెక్కింపు మాత్రం సహనానికి పరీక్షే. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ వస్తేనే గెలుపు. ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తీసేసి, ఆయన కట్టలోని ప్రతి కాగితం మీద 2 ఎవరికుందో చూసి వాళ్ల ట్రేలో వేయాలి. మళ్లీ కూడాలి, మళ్లీ తీసేయాలి. 2021లో హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది నిలబడితే బ్యాలెట్ కాగితం న్యూస్‌పేపరంత అయింది, లెక్కింపు రోజుల తరబడి సాగింది. అసెంబ్లీకి ఇదే పద్ధతి పెట్టమని నేను అడగను. కానీ "మన జనానికి అర్థం కాదు" అనే మాట మాత్రం ఇంక ఎవరూ వాడకూడదు.

మీ లెక్చరర్ గారి భయం రెండో కారణానికి సంబంధించింది. ఇజ్రాయెల్‌లో పూర్తి దామాషా ఉంది, 2019 ఏప్రిల్ నుంచి 2022 నవంబరు దాకా ఐదుసార్లు ఎన్నికలు జరిగాయి. మన పక్కనున్న నేపాల్‌ది మిశ్రమ పద్ధతి: దిగువ సభలో 275 సీట్లుంటే 165 నియోజకవర్గాలవి, 110 జాబితాలవి, అంటే పార్టీలు ముందే ఇచ్చిన పేర్ల వరస నుంచి ఓట్ల శాతాన్ని బట్టి నింపేవి. 2008లో రాజరికం పోయాక అక్కడ ఏ ప్రధానీ ఐదేళ్లు నిండుగా ఉండలేదు. అయితే ప్రభుత్వాలు కూలడానికి దామాషాయే అక్కర్లేదు. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, 1999 ఏప్రిల్‌లో వాజపేయి గారి ప్రభుత్వమూ ఒక్క ఓటుతోనే పడింది. రెండూ మన ఇప్పటి పద్ధతిలో ఎన్నికైన సభలే.

జర్మనీ వాళ్లు దీనికి రెండు తాళాలు వేసుకున్నారు. ఐదు శాతం ఓట్లు రాని పార్టీకి మామూలుగా జాబితా సీట్లుండవు. ఇక అవిశ్వాస తీర్మానం పెట్టేవాళ్లు, ఉన్నాయన్ని దించడంతో పాటు ఆయన స్థానంలో ఎవరొస్తారో అదే తీర్మానంలో ఎన్నుకోవాలి. దించడానికి చేతులు కలిపేవాళ్లు ఎక్కించడానికి కలవడం కష్టం. అందుకే 1949 నుంచి ఇప్పటిదాకా కేంద్రంలో అలా ప్రభుత్వం మారింది ఒక్కసారే, 1982లో. ఈ నియమాన్ని తెచ్చుకోవడానికి మనం దామాషా దాకా ఆగనక్కర్లేదు, రేపే పెట్టుకోవచ్చు.

న్యూజిలాండ్ కథ మనకు ఇంకా దగ్గర, ఎందుకంటే వాళ్లదీ బ్రిటిష్ వారసత్వమే. 1978లో, 1981లో వరుసగా రెండుసార్లు, దేశం మొత్తమ్మీద ఎక్కువ ఓట్లొచ్చిన లేబర్ పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది. జనం ఊరుకోలేదు. 1986లో రాయల్ కమిషన్ నివేదిక ఇచ్చింది, 1992లో, 1993లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 1996లో మిశ్రమ పద్ధతిలో మొదటి ఎన్నిక. ఓటరుకు రెండు ఓట్లు, ఒకటి స్థానిక అభ్యర్థికి, ఒకటి పార్టీకి. 2011లో మళ్లీ అడిగితే ఇదే ఉండనివ్వమన్నారు. అయితే ఆ మొదటి సభలోనే సంకీర్ణం విడిపోయి కొందరు సభ్యులు పార్టీలు మారారు. పార్టీ పేరు చూసి జనం ఇచ్చిన సీటును ఆ మనిషి జేబులో వేసుకుని పోవచ్చా అన్న రగడ మొదలై, 2001లో ఫిరాయింపుల మీద చట్టం తెచ్చారు. ఓట్ల లెక్క మార్చగానే ఫిరాయింపు సమస్య ముందుకొచ్చింది చూశారా? నేను మొదట్లో అన్నది అందుకే.

మన దగ్గర ఆ చట్టం 1985 నుంచి ఉంది. పేరు ఉంది గానీ పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 సభలో 23 మంది వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తెలుగుదేశం వైపు వెళ్లారు. 2017లో వాళ్లలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. సభ గడువు తీరేదాకా అనర్హత వేటు పడలేదు. తెలంగాణలో 2019లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో సరిగ్గా 12 మంది, అంటే మూడింట రెండొంతులు, అప్పటి అధికార పార్టీలో విలీనమయ్యారు. 2023 తర్వాత అదే పార్టీ ప్రతిపక్షంలోకి వచ్చింది, దాని ఎమ్మెల్యేలు పది మంది ఈసారి కాంగ్రెస్ వైపు వెళ్లారని ఫిర్యాదు. మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఒక్కడు వెళితే ఫిరాయింపు, గుంపుగా వెళితే విలీనం. చిల్లర దొంగతనానికి శిక్ష, టోకు దొంగతనానికి మినహాయింపు.

తీర్పు చెప్పేది స్పీకర్ కావడమే దీని మూలం. ఆయన ఏ పార్టీ టికెట్ మీద గెలిచాడో, ఎవరి బలంతో ఆ కుర్చీలో కూర్చున్నాడో అందరికీ తెలుసు. 1992లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని 3-2తో సమర్థించినప్పుడు, విభేదించిన ఇద్దరు న్యాయమూర్తుల అభ్యంతరాల్లో ఇదీ ఒకటి. 2020లో మణిపూర్ కేసులో కోర్టే, ఈ పనికి స్వతంత్ర ట్రిబ్యునల్ పెట్టడం గురించి పార్లమెంటు ఆలోచించాలంది. 1990లోనే ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ ఈ అధికారం ఎన్నికల సంఘం సలహాతో రాష్ట్రపతికో గవర్నర్‌కో ఇవ్వమంది. మనసుంటే స్పీకర్ పీఠం నుంచి కూడా త్వరగా తేల్చవచ్చు. 2017లో రాజ్యసభ చైర్మన్‌గా వెంకయ్యనాయుడు గారు ఇద్దరు సభ్యుల వ్యవహారాన్ని మూడు నెలల్లో ముగించారు. కానీ ఒక మనిషి మనసు మీద ఆధారపడేదాన్ని నియమం అనలేం.

ఇప్పుడు చెప్పండి, ఈ స్థితిలో జాబితా సీట్లు తెస్తే ఏమవుతుంది? జాబితాలో ఎవరు ముందు, ఎవరు వెనక అనేది పార్టీ అధ్యక్షుడు రాస్తాడు. ఊళ్లో ముఖం తెలియని, డబ్బున్న మనిషి పైవరసలో కూర్చుంటాడు. పైగా ఇప్పటి చట్టం ప్రకారం ప్రతి ఓటింగ్‌కీ విప్, అంటే పార్టీ చెప్పినట్టే ఓటేయాలన్న ఆదేశం, జారీ చేయొచ్చు, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. నియోజకవర్గం నుంచి గెలిచినవాడికైనా "మా జనం ఒప్పుకోరు" అనే నెపం ఉంటుంది. జాబితా నుంచి వచ్చినవాడికి అదీ ఉండదు. అందుకే నా వరుస ఇది: ముందు ఫిరాయింపుల తీర్పును స్పీకర్ చేతి నుంచి తీసేయాలి, విలీనం మినహాయింపును కొట్టేయాలి, విప్‌ను విశ్వాస పరీక్షకు, బడ్జెట్‌కు పరిమితం చేయాలి. పార్టీ జాబితాను ఆ పార్టీ సభ్యులు రహస్య ఓటుతో ఎన్నుకోవాలని చట్టంలో రాయాలి. ఆ తర్వాతే దామాషా.

అప్పుడైనా పూర్తి దామాషా వద్దంటాను. మా జిల్లాల్లో ఎమ్మెల్యే అంటే కాలువ గండి పడితే ఫోన్ చేయగలిగే మనిషి. ఆ బంధం తెంచకూడదు. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారి అధ్యక్షతన లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదికలో చెప్పిన దారి నాకు నచ్చుతుంది: ఉన్న సీట్లు అలాగే ఉంచి, వాటికి పాతిక శాతం కలిపి, ఆ కొత్తవి మాత్రం ఓట్ల శాతాన్ని బట్టి పంచడం.

లెక్క వేసి చూద్దాం. 175కు 44 కలిపితే 219. 2024లో 39.37 శాతం వచ్చిన పార్టీకి జాబితా నుంచి సుమారు 17 వచ్చేవి. 11కు 17 కలిస్తే 28. పదో వంతు 22 కాబట్టి ప్రతిపక్ష నేత హోదాకు అడ్డు ఉండేది కాదు. అధికార కూటమికి 164 పోగా మరో 24 వచ్చి 188 అయ్యేవి. ప్రభుత్వానికి వెంట్రుకంత ప్రమాదం లేదు. 2019కి ఇదే లెక్క వేస్తే తెలుగుదేశానికి 40, ఒక్క సీటుతో మిగిలిన జనసేనకు మూడు. అదే పూర్తి దామాషా అయితే? 2019లో 49.95 శాతమంటే 175లో 87, మెజారిటీకి 88 కావాలి. దాదాపు సగం రాష్ట్రం ఓటేసిన పార్టీ కూడా మరొకరి గుమ్మం ఎక్కాల్సి వచ్చేది. మీ లెక్చరర్ గారికి ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: పద్ధతి మారితే జనం ఓటేసే తీరు కూడా మారుతుంది. ఇప్పుడు ఓటు వృథా అవుతుందని చిన్న పార్టీకి వేయనివాళ్లు అప్పుడు వేస్తారు. కాబట్టి ఈ అంకెలను అంచనాగానే తీసుకోండి.

దీనికి రాజ్యాంగ సవరణ కావాలి. లోక్‌సభకు 81వ అధికరణం, అసెంబ్లీలకు 170వ అధికరణం ప్రాదేశిక నియోజకవర్గాల నుంచి ప్రత్యక్ష ఎన్నిక అని చెబుతున్నాయి. ఎలాగూ నియోజకవర్గాల పునర్విభజన ముందుంది, సీట్లు పెరుగుతాయంటున్నారు, దక్షిణాదికి నష్టమని మనకు టెన్షన్ ఉంది, 2023లో చేసిన మహిళా రిజర్వేషన్ చట్టం కూడా ఆ పునర్విభజనకే ముడిపడి ఉంది. పెరిగే సీట్లలో కొన్నిటినైనా జాబితాకు కేటాయిస్తే, వరసలో ఒక మహిళ, ఒక పురుషుడు అని నియమం పెట్టడం చాలా తేలిక. ఇంతకంటే మంచి సమయం మళ్లీ రాదు.

సభ నడక గురించి ఒక్క మాట. మొదటి లోక్‌సభ ఐదేళ్లలో 677 రోజులు కూర్చుంది. 2019 నుంచి 2024 దాకా ఉన్న 17వ లోక్‌సభ కూర్చున్నది 274 రోజులు. కమిటీల పరిశీలనకు వెళ్లిన బిల్లులు 16 శాతం. ఐదేళ్లూ డిప్యూటీ స్పీకర్‌నే ఎన్నుకోలేదు. ఓట్లకు తగ్గట్టు సీట్లు పంచి, ఆ సీట్లలో కూర్చునే రోజులే లేకుండా చేస్తే ఆ పంపకం ఎవరికి? ఏడాదికి కనీసం వంద రోజులు పార్లమెంటు, అరవై రోజులు అసెంబ్లీ అని చట్టంలో రాయడానికి ఏ దామాషా అక్కర్లేదు.

చివరగా, "ఒక ఓటరు రెండు ఓట్లు వేయడమా, గందరగోళం కాదా" అని మీ క్లాసులో ఎవరైనా అంటే మా పార్వతీపురం సంగతి చెప్పండి. 1957లో అది ఇద్దరు సభ్యుల లోక్‌సభ స్థానం, ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. వి.వి. గిరి గారు అక్కడ ఆరు వందల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే నిలిచి, రెండు సీట్లూ వాళ్లే గెలిచారు. జనరల్ సీటు గిరిజనుడికి ఎలా ఇస్తారని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1959లో కోర్టు గిరిజన అభ్యర్థి పక్షానే నిలిచింది. 1961లో అలాంటి స్థానాలనే రద్దు చేశారు. అదే గిరి గారు 1969లో రాష్ట్రపతి అయ్యింది రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాకే.

మా నాయనమ్మ ఆ 1957 ఎన్నికలో ఓటేసింది. చదువు రాదు. చేతిలో రెండు కాగితాలు పెట్టి, ఒక్కొక్కటి ఒక్కో పెట్టెలో వేయమన్నారని, పెట్టెల మీద గుర్తులుండేవని చెప్పేది. "తప్పు వేశావేమో" అని మేం ఆటపట్టిస్తే ఏ కాగితం ఏ గుర్తు పెట్టెలో వేసిందో, ఎందుకు వేసిందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేది.